వెబ్ యాప్‌లో తెలుగు అనువాదం తప్పుగా ఉందా? మీరే ఇలా సరిచేయొచ్చు

ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు. ఫోన్ ఎంత మంచిదైనా, అందులో కనిపించే తెలుగు మాట తప్పుగా ఉంటే ఏమవుతుందో, దాన్ని మనమే ఎలా సరిచేయొచ్చో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మాది అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గం వైపు ఒక పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా ఇది. అది కూడా పడాల్సినప్పుడు పడదు. ఎర్రనేలలో వేరుశనగ వేయాలంటే జూన్ చివర్లోనో జులైలోనో ఒక మంచి పదును వాన రావాలి, వచ్చిన మూడు నాలుగు రోజుల్లో విత్తనం భూమిలో పడాలి. ఆ నాలుగు రోజులు దాటితే పదును ఆరిపోతుంది, మళ్ళీ మబ్బు కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే.

మా పెద్దనాయన దగ్గర ఉన్నది ఎనిమిది వేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోన్. విత్తనకాయలు ముందుగా బుక్ చేసుకోవడానికి కొందరు కుర్రాళ్ళు నడిపే ఒక చిన్న వెబ్ యాప్‌లో ఆరు మూటలు బుక్ చేశాడు. (యాప్ పేరు అనవసరం. ఉద్దేశం మంచిదే, చేసినవాళ్ళూ మంచివాళ్ళే.) ఒకరోజు చూసుకుందామని యాప్ తెరిచి ఎక్కడో వేలు తగిలించాడు. స్క్రీన్ మీద ఇలా వచ్చింది:

బుకింగ్ రద్దు చేయాలా?
[రద్దు] [సరే]

మీరైతే ఏది నొక్కుతారు? పెద్దనాయన "సరే" నొక్కాడు. బుకింగ్ పోయింది.

"రద్దు చేయాలా అని అడిగింది గదప్పా. వద్దులే, ఉన్నది ఉన్నట్టే ఉండనీ, సరే అని ఒత్తినా. రద్దు అనేది ఒత్తుంటే రద్దు అయితాదని ఆ పక్కకే పోల్యా" అన్నాడు నాతో. ఆయన లెక్కలో తప్పేముంది? మళ్ళీ బుక్ చేస్తే పదకొండు రోజుల తర్వాత తేదీ వచ్చింది. ఈలోగా వాన పడింది, పదును వచ్చింది, పోయింది కూడా. చివరికి పక్క ఊర్లో ఎక్కువ ధర పెట్టి కాయలు కొని, నాలుగెకరాల్లో రెండెకరాలే విత్తాడు.

ఇంగ్లీషులో ఆ రెండు బటన్లు "క్యాన్సిల్", "ఓకే". కంప్యూటర్ వాడకం అలవాటైన మనకు డైలాగ్ బాక్స్‌లో క్యాన్సిల్ అంటే "ఈ ప్రశ్న వదిలేయ్, వెనక్కి పో" అని తెలుసు. తెలుగులో దాన్ని మక్కీకి మక్కీ "రద్దు" అని పెట్టేసరికి ప్రశ్నలోనూ రద్దు, బటన్‌లోనూ రద్దు. నిజానికి ఇంగ్లీషులో కూడా ఇది చెడ్డ డిజైనే. అక్కడ జనం అలవాటు మీద నెట్టుకొస్తున్నారు, అంతే.

నేను ఆ కుర్రాళ్ళకు ఫోన్ చేసి నాలుగు మాటలు అందామనుకున్నా. వాళ్ళు "అన్నా, అనువాదం చేసే టూల్‌లో నీకు యాక్సెస్ ఇస్తాం, నువ్వే సరిచెయ్" అన్నారు. అలా ఈ పని నా నెత్తిన పడింది. ఆరు వందల పైచిలుకు వాక్యాలు చూసే క్రమంలో నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

అసలు ఈ తెలుగు మాటలు ఎక్కడ ఉంటాయి?

యాప్‌లో కనిపించే ప్రతి మాట, బటన్ పేరు, ఎర్రర్ మెసేజ్ అన్నీ ప్రోగ్రాం కోడ్ నుంచి విడిగా ఒక ఫైల్‌లో పెడతారు. ప్రతిదానికి ఒక తాళం లాంటి పేరు ఉంటుంది, దాన్ని "కీ" అంటారు. ఆ కీకి ఎదురుగా ఇంగ్లీషు వాక్యం, ఇంకో ఫైల్‌లో అదే కీకి ఎదురుగా తెలుగు వాక్యం. ఈ ఒక్కో వాక్యాన్ని "స్ట్రింగ్" అంటారు. ఆండ్రాయిడ్ యాప్‌లలో ఇవి ఎక్స్ఎంఎల్ ఫైళ్ళలో ఉంటాయి, వెబ్ యాప్‌లలో ఎక్కువగా జేసన్ ఫైళ్ళు, లినక్స్ ప్రపంచంలో పీఓ ఫైళ్ళు. తెలుగుకి భాషా కోడ్ "టీఈ" అనే రెండక్షరాలు. తెలుగు ఫైల్‌లో ఏదైనా కీ ఖాళీగా ఉంటే యాప్ ఇంగ్లీషు వాక్యాన్నే చూపిస్తుంది. కొన్ని యాప్‌లలో సగం తెలుగు, సగం ఇంగ్లీషు కనిపించేది ఇందుకే.

ఆ ఫైళ్ళను నేరుగా నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చొచ్చు. కానీ ఒక్క కామా పోయినా యాప్ మొత్తం ఆగిపోతుంది. అందుకే అనువాదాల కోసమే వెబ్ అప్లికేషన్లు వచ్చాయి. బ్రౌజర్‌లో లాగిన్ అయ్యి, ఇంగ్లీషు వాక్యం చూసి, కింద పెట్టెలో తెలుగు రాసి సేవ్ చేస్తే చాలు. ఫైల్ సంగతి అదే చూసుకుంటుంది.

మన తెలుగువాళ్ళకు పనికొచ్చేవి ముఖ్యంగా మూడు. ట్రాన్స్‌లేట్‌వికీ డాట్ నెట్ మొదటిది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మీరు చూసే "సవరించు", "చరిత్ర", "చర్చ" లాంటి మెనూ మాటలను అనువదించేది, సరిచేసేది ఇక్కడే. రెండోది మొజిల్లా వాళ్ళ పాంటూన్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెలుగు అక్కడ జరుగుతుంది. మూడోది వెబ్లేట్. ఇది చెక్ దేశానికి చెందిన మిహాల్ చిహార్ మొదలుపెట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్. లిబ్రెఆఫీస్, ఎఫ్-డ్రాయిడ్ లాంటి ప్రాజెక్టులు దీన్నే వాడుతున్నాయి. మా విత్తనకాయల యాప్ కూడా వెబ్లేట్‌లోనే ఉంది కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతా. ఒకటి వస్తే మిగతా రెండూ గంటలో వచ్చేస్తాయి.

మొదటి రోజు ఏం చేయాలి

వెబ్లేట్‌లో లాగిన్ అయ్యాక ప్రాజెక్ట్, దాని లోపల కాంపోనెంట్, దాని లోపల తెలుగు, ఇలా దిగాలి. అక్కడ ఎన్ని స్ట్రింగ్స్ పూర్తయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఎన్నింటి మీద టూల్‌కే అనుమానం ఉంది అన్నీ లెక్కలతో కనిపిస్తాయి. చాలామంది వెంటనే మిగిలిపోయినవాటి మీద పడతారు. నా సలహా వేరు. ముందు ఇప్పటికే అయిపోయాయి అనుకున్నవాటిని చదవండి. తప్పులు ఎక్కువగా దాక్కునేది అక్కడే, ఎందుకంటే వాటి వైపు మళ్ళీ ఎవరూ చూడరు.

అనువాదం పేజీలో పైన ఇంగ్లీషు, కింద తెలుగు పెట్టె, పక్కన ఆ మాట కీ, వీలైతే స్క్రీన్‌షాట్ ఉంటాయి. కింద ట్యాబ్‌లలో చుట్టుపక్కల స్ట్రింగ్స్, చరిత్ర, ఇతర భాషల్లో అదే వాక్యం కనిపిస్తాయి. కన్నడం, హిందీ ఎలా చేశారో ఒకసారి చూడండి. మా జిల్లాలో కన్నడం చదవగలిగేవాళ్ళకు కొదవ లేదు కదా, చాలాసార్లు తెలుగు చిక్కుముడి అక్కడే విడిపోతుంది.

మీకు పూర్తి నమ్మకం ఉంటే "సేవ్", లేకపోతే "సజెస్ట్". మీ మాట మీద మీకే అనుమానం ఉంటే "నీడ్స్ ఎడిటింగ్" అనే గడిలో టిక్ పెట్టి వదలండి. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. పాంటూన్‌లో కొత్తవాళ్ళు రాసేవి ముందు సజెషన్లుగానే వెళ్తాయి, అనుభవం ఉన్నవాళ్ళు చూసి ఓకే చేస్తారు. ట్రాన్స్‌లేట్‌వికీలో ముందు కొన్ని నమూనా అనువాదాలు చేసి చూపిస్తే అనుమతి వస్తుంది.

ఒక్క మాట, రెండు అర్థాలు

ఇక మా యాప్‌లో దొరికిన ఆణిముత్యాలు. ఫారంలో మొదటి ప్రశ్న ఇలా ఉంది: "కత్తిరింపు ఎంచుకోండి". ఏం కత్తిరించాలి? ఇంగ్లీషులో "సెలెక్ట్ క్రాప్". అదే యాప్‌లో పాస్‌బుక్ ఫోటో పెట్టేచోట బొమ్మ అంచులు కోసే "క్రాప్" బటన్ కూడా ఉంది. ఎవరో మెషీన్ ట్రాన్స్‌లేషన్ పెట్టారు, దానికి క్రాప్ అంటే ఫోటో గుర్తొచ్చింది. అలాగే వాతావరణం చూపించే చోట ఆకాశం "క్లియర్" అని ఉండాల్సింది, ఫారం ఖాళీ చేసే "క్లియర్" బటన్‌తో కలిసిపోయి, "ఈరోజు: తుడిచివేయి" అని వచ్చింది. మబ్బులన్నీ ఎవరో నిజంగానే తుడిచేసినట్టు. మా జిల్లాకు సరిగ్గానే సరిపోయింది అనుకోండి.

ఇది అనువాదకుడు ఒక్కడే సరిచేయగలిగేది కాదు. రెండు చోట్లా ఒకే కీ వాడారు కాబట్టి ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. "పంట" అని మార్చా, ఫోటో కింద బటన్ మీద కూడా పంట వచ్చి కూర్చుంది! ఇలాంటప్పుడు వెబ్లేట్‌లో ఆ స్ట్రింగ్ కింద కామెంట్ రాసేటప్పుడు, ఇది మూల వాక్యంలోనే సమస్య అని గుర్తు పెట్టే వీలు ఉంది. అది డెవలపర్లకు వెళ్తుంది. వాళ్ళు రెండు కీలుగా విడగొట్టి, ఒక్కోదానికి సందర్భం రాస్తే అప్పుడు పని జరుగుతుంది. ట్రాన్స్‌లేట్‌వికీలో ఈ సందర్భం రాయడానికే "క్యూక్యూక్యూ" అని ఒక ఉత్తుత్తి భాషా కోడ్ ఉంది. ప్రతి మాట ఎక్కడ కనిపిస్తుందో, దేని గురించో అందులో రాసి ఉంటుంది. రాయాలనిపిస్తే మీరూ రాయొచ్చు.

ఇంకో చిట్కా. వికీపీడియాలో ఏదో ఒక మాట తప్పుగా కనిపించింది, దాని కీ ఏమిటో తెలియదు. పేజీ అడ్రస్ చివర యూజ్‌ల్యాంగ్ ఈక్వల్ టు "క్యూక్యూఎక్స్" అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి ఎంటర్ కొట్టండి. మాటల బదులు బ్రాకెట్లలో కీలు కనిపిస్తాయి. కావాల్సిన కీ కాపీ చేసుకొని ట్రాన్స్‌లేట్‌వికీలో వెతికితే నేరుగా అక్కడికే వెళ్తారు.

ఖాళీలతో వచ్చే తంటా

తెలుగు అనువాదంలో అన్నింటికంటే ఎక్కువ తల తినేది ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

చాలా స్ట్రింగ్స్‌లో మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది. వికీలో $1 అని, వేరే చోట్ల మీసాల బ్రాకెట్ల మధ్య ఒక ఇంగ్లీషు మాట అని. యాప్ నడిచేటప్పుడు అక్కడ ఊరి పేరో, మనిషి పేరో, అంకో వచ్చి చేరుతుంది. మొదటి నియమం: ఆ ఖాళీ లోపలి ఇంగ్లీషు మాటను అనువదించకూడదు, స్పెల్లింగ్ కూడా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అక్కడ పేరు రాదు, లేదా పేజీయే తెరుచుకోదు. ఈ తప్పు చేస్తే వెబ్లేట్ ఎర్రగా హెచ్చరిస్తుంది, దాన్ని పట్టించుకోకుండా ముందుకు పోవద్దు.

రెండోది అసలు సమస్య. ఇంగ్లీషులో "టు $1" అంటే ఏ ఊరైనా సరిపోతుంది. తెలుగులో "$1కి" అని రాస్తే? గుత్తికి, తాడిపత్రికి, కదిరికి, బాగానే ఉంది. ఉరవకొండ దగ్గరకు వచ్చేసరికి "ఉరవకొండకి". రాతలో "ఉరవకొండకు" అంటే బాగుంటుంది, అయినా సర్దుకుంటాం. కల్యాణదుర్గం దగ్గరకు వస్తే "కల్యాణదుర్గంకి". ఇది ఏ ఊరి తెలుగూ కాదు. "కల్యాణదుర్గానికి" అనాలి. ధర్మవరం, రాయదుర్గం అన్నీ ఇంతే. పంటల పేర్లయినా అదే గోల: కందికి, జొన్నకు, ఆముదానికి. ఒక్క ఖాళీకి మూడు రకాల తోకలు కావాలి, మన టూల్ ఒక్కటే ఒప్పుకుంటుంది.

దీనికి మందు వాక్యాన్ని తిప్పి రాయడమే. "మీ మూటలు $1కి పంపబడ్డాయి" అని పెట్టారు ముందు. నేను "మూటలు పంపాం. చేరే ఊరు: $1" అని మార్చా. పేరు ఎప్పుడూ ప్రథమా విభక్తిలోనే ఉండేలా, దాని తర్వాత తోక రాకుండా చూసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. తప్పనిసరి అయితే "లో", "నుంచి" లాంటివి వాడండి. కల్యాణదుర్గంలో, గుత్తిలో, రాయదుర్గం నుంచి, ఇవి మాటను పెద్దగా మార్చవు. పైగా "పంపబడ్డాయి" పోయింది. ఈ "బడు" వాక్యాలు తెలుగు యాప్‌లలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి, మా ఊర్లో అలా మాట్లాడే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

అంకెల విషయం ఇంకో రకం. తెలుగుకి ఏకవచనం, బహువచనం రెండే రూపాలు అని యూనికోడ్ వాళ్ళ సీఎల్‌డీఆర్ పట్టికలో ఉంటుంది. ఒకటికి ఒక రూపం, మిగతా అన్నింటికీ ఇంకోటి. సున్నా కూడా బహువచనంలోకే వస్తుంది. (హిందీలో సున్నా ఏకవచనం వైపు పోతుంది, అరబిక్‌లో ఆరు రూపాలు. మనం అదృష్టవంతులం.) అయితే రెండు పెట్టెలు కనిపించినప్పుడు ఒక్క నామవాచకాన్నే మార్చి వదిలేయకండి. "1 మూట బుక్ అయింది", "6 మూటలు బుక్ అయ్యాయి". క్రియ కూడా మారుతుంది కాబట్టి వాక్యం మొత్తం రెండుసార్లు రాయాలి.

మనుషులను లెక్కపెట్టేటప్పుడు ఇదీ సరిపోదు. "2 రైతులు" అని ఎవరంటారు? ఇద్దరు రైతులు, ముగ్గురు రైతులు అంటాం. ఆ తేడా టూల్‌కి నేర్పే దారి లేదు. నేను "రైతులు: 2" అని పెట్టి ఊరుకున్నా. పొడిగా ఉంది, ఒప్పుకుంటా. కానీ తప్పు మాత్రం కాదు.

కనిపించని అక్షరం

ఇది మన గాడ్జెట్ పాఠకులకు బాగా నచ్చే విషయం. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయిన సంగతి గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో జరిగింది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అప్పట్లో అందరూ "జ్ఞా" అక్షరమే కారణం అన్నారు. కచ్చితంగా చెప్పాలంటే జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని ఇంకో గుర్తు దూరింది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మనవాళ్ళు జెడ్‌డబ్ల్యూఎన్‌జే అని పిలుస్తారు.

ఆ గుర్తు చెడ్డదేం కాదు, మనకు రోజూ కావాలి. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట్ తర్వాత అది లేకపోతే ట కింద వ వత్తు చేరి "సాఫ్ట్వేర్" అవుతుంది. "ఫేస్‌బుక్"లో స కింద బ వత్తు వచ్చేస్తుంది. అనువాదం చేసేటప్పుడు గుర్తు పెట్టుకోవాల్సింది ఏంటంటే, కంప్యూటర్‌కి ఇవి రెండూ వేర్వేరు మాటలు. ఒకరు గుర్తు పెట్టి, ఇంకొకరు పెట్టకుండా రాస్తే సెర్చ్‌లో దొరకవు, పదకోశం కూడా సరిపోల్చదు. మీ కీబోర్డ్‌లో ఆ గుర్తు ఎక్కడుందో తెలియకపోతే, సరిగ్గా రాసిన చోట నుంచి మాట మొత్తం కాపీ చేసి పెట్టుకోండి. నేను అలాగే చేస్తా.

ఊరి పేర్లతోనూ ఇదే చిక్కు. కల్యాణదుర్గం, కళ్యాణదుర్గం రెండూ వాడుకలో ఉన్నాయి. బోర్డుల మీద కూడా రెండూ కనిపిస్తాయి. యాప్‌లో మాత్రం ఏదో ఒకటే ఉండాలి, లేకపోతే సగం రైతులు ఒక లిస్టులో, సగం ఇంకో లిస్టులో పడతారు.

ఇక ఎస్ఎంఎస్. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకు యాప్ నుంచి మెసేజ్ వెళ్తుంది. ఇంగ్లీషు మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగులో రాస్తే 70 మాత్రమే. అంతకంటే పొడవైతే రెండు మూడు ముక్కలుగా పోతుంది, ఒక్కో ముక్కకు 67. పైగా మనం చూసే అక్షరం వేరు, యంత్రం లెక్క వేరు. గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి. "కల్యాణదుర్గం" మన కంటికి అయిదు అక్షరాలు, యంత్రానికి పన్నెండు. అందుకే మెసేజ్ అనువాదాల్లో "దయచేసి గమనించగలరు" లాంటి మర్యాదలు మొదట కోసేశా. తేదీ, ఊరు, మూటలు, ఇంతే. మర్యాద తగ్గిందని ఎవరూ ఫోన్ చేయలేదు, తేదీ కనపడలేదని మాత్రం ముందు చాలామంది చేసేవాళ్ళు.

చేయి, చేయండి

బటన్ల మీద "భద్రపరచు" అనాలా, "భద్రపరచండి" అనాలా? దీని మీద తెలుగు అనువాదకుల మధ్య వాదనలు ఎప్పుడూ ఉండేవే. నేను పాటించే పద్ధతి ఇది: బటన్ అంటే మనిషి యంత్రానికి చెప్పే పని, కాబట్టి "భద్రపరచు", "పంపు", "వెతుకు". యంత్రం మనిషికి చెప్పేటప్పుడు, "పంట ఎంచుకోండి", "ఫోన్ నంబర్ ఇవ్వండి". ఫోన్‌కి మనం అండీ అనక్కర్లేదు, ఫోన్ మాత్రం మా పెద్దనాయనను అండీ అనాల్సిందే. మధ్యలో ఎవరైనా వచ్చి ఒకచోట అలా, ఒకచోట ఇలా రాస్తే వెబ్లేట్‌లో వెతికి ఒకేసారి మార్చే "సెర్చ్ అండ్ రీప్లేస్" ఉంది. జాగ్రత్తగా వాడండి. నేను "చేయండి" అన్నవన్నీ "చేయి" అని ఒక్క దెబ్బకు మార్చి, సాయంత్రం దాకా కూర్చొని వెనక్కి తిప్పుకున్నా. హిస్టరీ ట్యాబ్‌లో పాతది ఉంటుంది కాబట్టి బతికిపోయా.

పదకోశం ముందు, అనువాదం తర్వాత

నేను మొదటి నుంచి మళ్ళీ చేయాల్సి వస్తే, ఒక్క వాక్యం కూడా ముట్టుకోకముందే పదకోశం కట్టేవాణ్ణి. వెబ్లేట్‌లో గ్లాసరీ అని విడిగా ఒక కాంపోనెంట్ ఉంటుంది. అందులో ఒక మాటకు ఒక తెలుగు మాట పెడితే, ఆ మాట వచ్చిన ప్రతిచోటా పక్కన చూపిస్తుంది.

కానీ ఏ తెలుగు? గ్రౌండ్‌నట్‌కి పుస్తకాల్లో వేరుశనగ. తెలంగాణలో పల్లీలు. మా వైపు శెనక్కాయలు, బుడ్డలు. యాప్ అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల వాళ్ళకే అయినా (2022 ఏప్రిల్ దాకా రెండూ ఒకటే జిల్లా), రసీదు మీద, బీమా కాగితాల మీద వేరుశనగ అని ఉంటుంది. రైతు రెండింటినీ పోల్చి చూసుకోవాలి. అందుకని వేరుశనగ అనే ఉంచా. దానికి భిన్నంగా "సాయిల్ మాయిశ్చర్" దగ్గర "నేల తేమ శాతం" అని ఉన్నది తీసి "పదును" పెట్టా, ఎందుకంటే ఆ మాటకు పదును కంటే సూటిగా తగిలేది ఇంకోటి లేదు. "డ్రై స్పెల్"కి "పొడి అక్షరక్రమం" అని మెషీన్ పెట్టింది. స్పెల్ అంటే స్పెల్లింగ్ అనుకుంది పాపం. అది "బెట్ట". వేరుశనగలో "పెగ్గింగ్ స్టేజ్" అంటే "ఊడలు దిగే దశ". ఇవి వ్యవసాయ అధికారులూ వాడతారు, రైతులూ వాడతారు, కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. బుకింగ్, ఓటీపీ, పాస్‌బుక్ లాంటివి అలాగే వదిలేశా. ఓటీపీని "ఏకకాల సంకేతపదం" అంటే మా ఊర్లో ఎవరికీ అర్థం కాదు, నాక్కూడా.

ఫోన్‌లో పరీక్షించడం

సేవ్ చేశాం కదా అని వదిలేస్తే సగం పనే. అసలు ఫోన్‌లో చూడాలి, అది కూడా చిన్న ఫోన్‌లో. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కి వేరే భాష పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర యాప్ లాంగ్వేజెస్ చూడండి. ఫోన్ మొత్తం ఇంగ్లీషులో ఉంచి, మీ యాప్ ఒక్కటే తెలుగులో పరీక్షించొచ్చు. వెబ్ యాప్ అయితే బ్రౌజర్ భాష మార్చండి, లేదా యాప్‌లోనే భాష బటన్ ఉంటే అది.

చూడాల్సినవి: వత్తులు కింద తెగిపోతున్నాయా (లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషుకు తగ్గట్టు పెడితే "స్త్రీ", "లక్ష్మి" లాంటివి సగం కనపడవు), బటన్ పొడవు చాలక మాట చివర చుక్కలు వస్తున్నాయా అని. మా యాప్‌లో "నిర్ధారించు" అనే బటన్ పెద్దనాయన ఫోన్‌లో "నిర్ధా..." అని ఆగిపోయింది. "ఖాయం చేయి" అని మార్చా, సరిపోయింది. ఫాంట్ సైజు పెద్దది పెట్టి కూడా చూడండి. అరవై దాటినవాళ్ళంతా అలాగే వాడతారు.

ఊర్లో సిగ్నల్ సరిగ్గా లేకపోతే ఇంకో దారి ఉంది. వెబ్లేట్ నుంచి తెలుగు ఫైల్ డౌన్‌లోడ్ చేసుకొని, ఆఫ్‌లైన్‌లో పని చేసుకొని, నెట్ దొరికినప్పుడు అప్‌లోడ్ చేయొచ్చు. స్ప్రెడ్‌షీట్ రూపంలో కూడా ఇస్తుంది. ఒక్కటే జాగ్రత్త: మీరు ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడు ఇంకొకరు అదే వాక్యం మార్చి ఉండొచ్చు, అప్‌లోడ్ చేసేటప్పుడు అడిగే ఆప్షన్లు చదివి ఎంచుకోండి.

ఇంగ్లీషు మూల వాక్యాన్ని డెవలపర్లు తర్వాత మార్చితే ఏమవుతుంది? పాత తెలుగు అలాగే ఉండి "నీడ్స్ ఎడిటింగ్"లోకి వస్తుంది. పీఓ ఫైళ్ళ భాషలో దీన్ని "ఫజీ" అంటారు. వారానికోసారి ఆ లిస్టు చూస్తే చాలు. చూడకపోతే, డెలివరీ చార్జీ తీసేశాం అని ఇంగ్లీషులో ఉంటే తెలుగులో ఇంకా వంద రూపాయలు అని ఉండే ప్రమాదం ఉంది.

ఇక ఆ "సరే" బటన్. ఇప్పుడు ఇలా ఉంది:

6 మూటల బుకింగ్ తీసేయమంటారా?
[వద్దు, ఉండనీ] [అవును, తీసేయి]

ప్రశ్న చదవకుండా బటన్ ఒక్కటే చదివినా ఏం జరుగుతుందో తెలియాలి, అదీ లెక్క. దీనికోసం డెవలపర్లతో మాట్లాడి ఆ రెండు బటన్లకూ వేరే కీలు పెట్టించాల్సి వచ్చింది. వాళ్ళు ఇంగ్లీషులో కూడా "కీప్ బుకింగ్", "యెస్, రిమూవ్" అని మార్చుకున్నారు. పెద్దనాయన చేతికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా, బుకింగ్ ఉంచుకోవాలంటే ఏది ఒత్తుతావు అని అడిగా. అద్దాలు పైకి తోసుకొని రెండూ చదివి "ఉండనీ" మీద వేలు పెట్టాడు. "ఇది మొన్ననే పెట్టుంటే ఏం పోయేది మీ సొమ్ము?" అన్నాడు.

ఈ రాత రాసేటప్పటికి మా తెలుగులో ముప్పై ఎనిమిది స్ట్రింగ్స్ ఇంకా పెండింగ్‌లో ఉన్నాయి. వాటిలో సగం "స్లాట్" అనే మాట దగ్గరే ఆగాయి. "వంతు" అని పెట్టా, పక్క ఊరి ఆయన "అది బోరు నీళ్ళకి కదా అంటాం" అన్నాడు. ప్రస్తుతానికి నీడ్స్ ఎడిటింగ్ టిక్ పెట్టి ఉంచా.